కిటికీలో ఏడు సీసాలు

తిరువూరులో నన్ను రెండు రకాలుగా పిలుస్తారు. అవసరం ఉన్నప్పుడు సిస్టరుగారు, అవసరం తీరాక ఆ గ్లోరి. పంతొమ్మిదేళ్లుగా రెండింటికీ పలుకుతున్నాను.

ఆసుపత్రి నర్సుకి మంచాలుంటాయి. జబ్బుపడినవాళ్లు వచ్చి పడుకుంటారు, ఆవిడ వెళ్లి చూస్తుంది. నాకు మంచాల్లేవు. గంపలగూడెం రోడ్డు పక్కన పై బజారు, కింది బజారు అని రెండు బజార్లు, వాటిలో నాలుగు వందల పన్నెండు ఇళ్లు ఉన్నాయి. జబ్బు చేసినవాళ్లూ నావాళ్లే, చేయనివాళ్లూ నావాళ్లే. నిజానికి చేయనివాళ్లే ఎక్కువ నావాళ్లు. వాళ్లకి చేయకుండా చూడటానికే గవర్నమెంటు నాకు జీతమిస్తోంది. ఎవరింట్లో ఎవరికి బీపీ ఉందో, ఏ కోడలికి ఎన్నో నెలో, ఏ పిల్లకి టీకా తప్పిందో, ఏ మగవాడు మాత్ర వేసుకున్నానని చెప్పి గోడవతల పారేస్తాడో నాకు తెలుసు. ఈ పని బాగా చేస్తే ఊళ్లో ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరూ శాలువా కప్పరు, ఇందులో ఉన్న చిక్కు అదొక్కటే.

పోయిన జులైలో మాత్రం జరిగింది. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు సోమవారం. పత్తి చేలకి కూలికి వెళ్లే ఆటోలు ఇంకా కదలకముందే నాగేంద్రమ్మ ఫోను చేసింది. నాగేంద్రమ్మ మా ఆశా కార్యకర్త. సంచి భుజాన వేసుకుని రోజూ ఇళ్ల చుట్టూ తిరిగే మనిషి, నా కుడిచెయ్యి.

"సిస్టరుగారూ, కింది బజారులో ఎనిమిది మందికి విరేచనాలు. ఇద్దరు లేవలేకపోతున్నారు. తొందరగా రండి."

వెళ్లాను. లేవలేని ఇద్దరినీ ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాను. మిగతావాళ్లకి ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి, లీటరు నీళ్లలో ఎలా కలపాలో ఒక్కొక్కరి చేత నా ముందే కలిపించాను. నీళ్లు కాచి చల్లార్చి తాగమని ఇంటింటికీ చెప్పాను. పెద్ద డాక్టరుగారికి ఫోనులో కబురు చెప్పాను. ట్యాంకులో క్లోరిను వేయించి, పరీక్ష చేసి చూశాను. ట్యాంకు దగ్గర అంతా సరిగ్గానే ఉంది. ఇవన్నీ పన్నెండింటికల్లా అయిపోయాయి. అప్పటికి లెక్క పదమూడుకి చేరింది. బజారు తన తీర్పు కూడా ఇచ్చేసింది.

"మేరమ్మ చట్నీ," అన్నారు.

మేరమ్మది కింది బజారు మొదట్లో రేకుల పాక. పొద్దున ఐదింటికే పొయ్యి వెలిగిస్తుంది. ఇడ్లీ, పల్లీ చట్నీ, ఇంకేమీ ఉండవు. భర్త శాంతయ్య పోయాక పదకొండేళ్లుగా ఆ పాక మీదే బతుకుతోంది, ఇద్దరు ఆడపిల్లల్ని ఆ పొయ్యి మీదే చదివించింది. కూలికి వెళ్లే ఆడవాళ్లు అక్కడ నాలుగు ఇడ్లీలు తిని ఆటో ఎక్కుతారు. జబ్బుపడిన పదమూడు మందిలో పదకొండు మంది ఆవిడ దగ్గర తిన్నవాళ్లే. ఆ మాటకొస్తే కింది బజారులో ఆవిడ దగ్గర తిననివాళ్లు వెతికినా దొరకరు. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ తట్టలేదు, నాక్కూడా.

నలుగురూ పోగైన చోటికి జగన్నాథరావుగారు వచ్చారు. రెండు బజార్లూ కలిసే మూల మీద మేడ ఆయనదే. మేరమ్మ పాక ఉన్న జాగా కూడా ఆయనదే. మనిషి చెడ్డవాడు కాదు, కానీ తన మాట చివరి మాట కావాలి.

"పాక మూయించండి సిస్టరు," అన్నారు. నేను ఆలోచిస్తుంటే చిన్నగా నవ్వి, "మీరూ మీరూ ఒక చర్చివాళ్లు. మీవాళ్లని మీరేం అంటారులెండి," అన్నారు.

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. మేరమ్మా నేనూ ఒకే చర్చికి వెళతాం, ఒకే బెంచీ మీద కూర్చుంటాం. వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనకూడదని నాకు పట్టుదల వచ్చింది. పంతొమ్మిదేళ్ల అనుభవం ఆ పట్టుదల ముందు ఎటుపోయిందో తెలియదు. విసవిసా పాక దగ్గరికి నడిచి, అందరూ వినేలా చెప్పాను.

"మేరమ్మక్కా, రెండు రోజులు పొయ్యి వెలిగించకు."

ఆవిడ చట్నీ గిన్నె తోముతోంది. తలెత్తి చూసింది.

"నా చట్నీ వల్లే అంటున్నావా గ్లోరీ?"

"అనడం లేదు. జాగ్రత్త కోసం ఆపమంటున్నాను."

"బజారులో నిలబడి చెప్పాక అదీ ఇదీ ఒకటేగా అమ్మా," అంది. ఇడ్లీ పాత్ర దించి బోర్లించింది.

నేను రెండు రోజులన్నాను. బజారుకి విషం అని వినపడింది. నర్సు నోటినుంచి వచ్చిందంటే రిపోర్టు వచ్చినట్టే కదా. మర్నాటికి పాక ముందు బెంచీ సైడు కాలవలో పడి ఉంది. మేరమ్మ చిన్న కూతురు లిడియా కాలేజీకి వెళ్లే షేరాటోలో పక్కసీటు ఖాళీగా ఉండిపోయింది. బుధవారం జగన్నాథరావుగారు కబురు పంపారు, ఆదివారంలోగా పాక తీసేసి జాగా ఖాళీ చేయమని.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. కింది బజారులో నీళ్లు కాచడం మానేశారు. బుధవారం ఒకామెని అడిగితే, "చట్నీ మానేశాం కదండీ, ఇంకెందుకు కాచడం, గ్యాసు దండగ," అంది. నేనిచ్చిన ఒక్క మంచి సలహాని నేనే చంపేశానన్నమాట. గురువారం సాయంత్రానికి లెక్క ఇరవై మూడు. మేరమ్మ పొయ్యి ఆరి అప్పటికి మూడు రోజులు.

ఆ సాయంత్రం ఆరోగ్య కేంద్రంలో రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. ఇరవై మూడు పేర్లు, వయసులు, ఏ రోజు మొదలైందో, ఏం తిన్నారో అన్నీ ఉన్నాయి. అవతలి పేజీ ఖాళీగా ఉంది. జబ్బు రానివాళ్లని నేను ఒక్క మాట అడగలేదు. శిక్షణకి వచ్చే ప్రతి నర్సు పిల్లకీ నేను మొదట చెప్పే పాఠమే అది. జబ్బు ఎందుకొచ్చిందో తెలియాలంటే రానివాళ్ల ఇంటికి వెళ్లండి, వాళ్లూ వీళ్లూ ఎక్కడ తేడాగా ఉన్నారో చూడండి అని. ఎదుటివాళ్లకి చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరు. నా మీద నాకే ఒళ్లు మండింది. నాగేంద్రమ్మని పిలిచి, రేపు పొద్దున కుళాయిలు వచ్చే వేళకి కింది బజారులో ఉండాలన్నాను.

"అంత పొద్దున్నే ఎవరూ మాట్లాడరు సిస్టరుగారూ, నీళ్ల హడావిడి."

"మాటలు తర్వాత. ముందు నీళ్లు చూద్దాం."

శుక్రవారం ఆరింటికి వెళ్లాం. మా కుళాయి గుంటల గురించి తెలియనివాళ్లకి చెప్పాలి. కింది బజారు పైపులో నీళ్లు నీరసంగా వస్తాయి, నిలబెట్టిన కుళాయిలోకి ఎక్కవు. అందుకని కుళాయి కోసేసి, నేలలో మోకాలి లోతు గుంట తవ్వి, పైపు మూతి ఆ గుంటలో వదిలేస్తారు. చెంబు పెట్టి పట్టుకుని బిందెల్లో పోసుకుంటారు. గుంట పక్కనే సైడు కాలవ. వాన పడితే కాలవ పొంగి గుంట నిండుతుంది. అప్పుడు మగ్గుతో ఆ మురికి తోడి పారబోసి, మంచినీళ్లు రాగానే పట్టుకుంటారు. ఇది ఇరవై ఏళ్లుగా జరుగుతున్నదే. మా ఆరోగ్య కేంద్రం ముందు కూడా ఒక గుంట ఉంది. మనిషిని పెట్టి దాన్ని తవ్వించింది నేనే. రోజూ దాటుకుంటూ లోపలికి వెళ్లి, చేతులు కడుక్కోవడం ఎలాగో తల్లులకి నేర్పిస్తాను.

మూడో ఇంటి గుంట దగ్గర నిలబడ్డాను. ఆ ఇంటావిడ మురికి సగం తోడింది, పైపులోంచి సన్నగా నీళ్లొస్తున్నాయి. అంతలో మూలమీద మేడలో మోటారు చప్పుడు మొదలైంది. జగన్నాథరావుగారి మోటారు. కుళాయికి నేరుగా బిగించుకున్నారు, నీళ్లు లాగి సంపులో వేసుకుంటారు. అది మొదలవగానే గుంటలో నీళ్లు ఆగిపోయాయి.

"ఇంతేనండి రోజూ. రావుగారి మోటారు ఆగేదాకా కూర్చోవడమే," అని ఆవిడ బిందె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

నేను గుంటలోకే చూస్తున్నాను. గుంటలో ఇంకా జానెడు మురికి నీళ్లున్నాయి, పైన సబ్బు నురగ తేలుతోంది. ఆ నురగ కదిలింది. మెల్లగా పైపు మూతి దగ్గరికి చేరి, చిన్న గుడగుడమనే చప్పుడుతో లోపలికి పోయింది. చూస్తుండగానే గుంటలో నీళ్లు బెత్తెడు తగ్గాయి. మోటారు లాగుతుంటే కింది పైపుల్లో నీళ్లు చాలక, మా గుంటల్లో మురికే వెనక్కి పైపులోకి వెళుతోంది. రేపు పొద్దున మళ్లీ అదే ముందొస్తుంది.

"నాగేంద్రమ్మా, చూశావా?"

చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆ తర్వాత జబ్బు రానివాళ్ల ఇళ్లకి బయలుదేరాం. పై బజారులో మేరమ్మ దగ్గర తినేవాళ్లు ముప్పై ఎనిమిది మంది తేలారు. ఒక్కరికి కూడా కడుపులో నొప్పి లేదు. పై బజారు పైపు వేరు, అక్కడ గుంటల్లేవు. ఇది నాకు చాలు, కానీ బజారుకి చాలదని తెలుసు. లెక్కలు చూపిస్తే మీ చర్చివాళ్ల లెక్కలంటారు.

పదింటికి మూలమీద మేడకి వెళ్లాం. జగన్నాథరావుగారి భార్య సరోజినీదేవిగారు గుమ్మంలోనే మాట్లాడారు.

"మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదండి. మేం బయటివి తినం కదా. తాగేది కూడా క్యాన్ల నీళ్లే."

ఆవిడ భుజం మీదుగా పెరట్లో దండెం కనిపిస్తోంది. దాని మీద మూడు తెల్లచీరలు ఆరుతున్నాయి. ఆ ఇంట్లో తెల్లచీర కట్టేది జగన్నాథరావుగారి తల్లి పిచ్చమ్మగారొక్కరే. ఎనభై రెండేళ్ల మనిషి పొద్దున పదింటిలోపు మూడు చీరలు మార్చదు.

"మంచిదండి. ఈ నెల మామ్మగారి బీపీ చూడలేదు, చూసి వెళతాను," అని చెప్పులు విప్పాను. బీపీకి వద్దనలేరు.

పిచ్చమ్మగారు వెనక గదిలో నవారు మంచం మీద ఉన్నారు. పెదాలు ఎండిపోయి, కళ్లు లోతుకి పోయి ఉన్నాయి. చేతి మీద చర్మం పట్టుకుని వదిలితే ముడత అలాగే నిలబడింది. నేనేమీ అడగకుండా ప్యాకెట్టు చించి, సంచిలో తెచ్చిన కాచిన నీళ్లలో కలిపి, చెంచాతో పట్టడం మొదలుపెట్టాను. పావుగంటకి ఆవిడ నోరు తడిసింది.

"ఎప్పటినుంచి మామ్మగారూ?"

"బుధవారం నుంచి. మా కోడలు ఎవరికీ చెప్పొద్దంది. పెద్దింట్లో విరేచనాలేంటని ఆవిడకి నామోషీ."

"ఏ నీళ్లు తాగుతున్నారు?"

ఆవిడ మూలన ఉన్న ఇత్తడి బిందె చూపించారు. "ఆ క్యాన్ల నీళ్లు నాకు సయించవు. ఎండుగడ్డి నానేసినట్టు ఉంటాయి. కుళాయి నీళ్లే నాకు."

లాగిన మోటారూ ఆ ఇంటిదే, ఆ మురికి చేరిన సంపూ ఆ ఇంటిదేనని నాకు అర్థమైంది. బీపీ చూస్తే నూట ఎనభై దాటింది. నెలనెలా మేకు కొట్టినట్టు ఒకేచోట ఉండే బీపీ.

"మాత్ర మానేశారా?"

ఆవిడ నా వైపు చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ నాగేంద్రమ్మ వైపు చూశారు. నాగేంద్రమ్మ నేల వైపు చూసింది.

"తలుపు దగ్గరగా వెయ్యవే," అన్నారు పిచ్చమ్మగారు. వేశాక గొంతు తగ్గించారు. "ఖాళీ కడుపున మాత్ర వేసుకోకూడదని నువ్వే చెప్పావుగా. మా కోడలి ఇడ్లీ తినాలంటే పళ్లుండాలి. నాకు లేవు. మేరమ్మ ఇడ్లీ నోట్లో వేసుకుంటే చాలు, కరిగిపోద్ది. ఆరేళ్లుగా దీని సంచిలో రెండు ఇడ్లీలు వస్తన్నాయి నాకు, దొడ్డిదారిన. అవి తిని మాత్ర వేసుకుంటాను. సోమవారం నుంచి ఇడ్లీ లేదు, మాత్రా లేదు."

నేను నాగేంద్రమ్మ సంచి వైపు చూశాను. నెలకోసారి ఆ సంచి తనిఖీ చేసి సంతకం పెట్టేది నేనే. రిజిస్టరు, మాత్రలు, ప్యాకెట్లు అని రాసుకుంటూ వచ్చాను.

"అన్నిటికన్నా అడుగున పెడతానండి," అంది నాగేంద్రమ్మ నెమ్మదిగా.

నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. మేరమ్మ చేతి వంట ఆ ఇంటి గుమ్మం దాటదు. ఎందుకు దాటదో ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు, ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అదే చేతి ఇడ్లీ తిని ఆ ఇంటి పెద్దదిక్కు ఆరేళ్లుగా బీపీ అదుపులో పెట్టుకుంది.

"ఈ సంగతి బయటికి పోకూడదే గ్లోరీ. జబ్బు సంగతీ, ఇడ్లీ సంగతీ. ఒట్టెయ్."

"మేం ఒట్లు వేయం మామ్మగారూ. చెప్పనంటే చెప్పను."

మాట ఇచ్చాకే దాని బరువు తెలిసింది. మేరమ్మని ఒడ్డున పడేసే సాక్షి నా చేతికి దొరికింది, పాక మూసి రెండు రోజులయ్యాక జబ్బుపడిన సాక్షి. ఆ సాక్షి నోరు నా చేత్తోనే మూసేశాను. కానీ మంచం దగ్గర విన్నది బజారులో చెప్పే నర్సుకి రేపటినుంచి ఎవరూ తలుపు తీయరు. తలుపు తీయకపోతే నా ఉద్యోగమే లేదు. ఆవిడ బిందెలోంచి చిన్న గ్లాసుడు నీళ్లు అడిగి పట్టుకుని, ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు ఏవో సరోజినీదేవిగారికి విడమరిచి చెప్పి వచ్చాను. గంటగంటకీ ప్యాకెట్టు నీళ్లు పట్టే పని నాగేంద్రమ్మకి అప్పగించాను.

మా దగ్గర నీళ్లు పరీక్షించే చిన్న సీసాలుంటాయి. లోపల ఒక మందు కాగితం ఉంటుంది. నీళ్లు పోసి మూత బిగించి వెచ్చగా ఒక రోజు ఉంచితే, ఆ నీళ్లలో దొడ్డికి వెళ్లిన మురికి కలిసి ఉంటే నల్లగా మారుతుంది. లేకపోతే మారదు. చదువు రానివాళ్లు కూడా చదవగల రిపోర్టు అది. ఏడు సీసాలు తీశాను. ట్యాంకు నీళ్లు, పై బజారు కుళాయి, కింది బజారులో రెండు ఇళ్లు, మా ఆరోగ్య కేంద్రం గుంట, పిచ్చమ్మగారి బిందె. ఏడోదానికి కింది బజారు కొసన ఉన్న మేరమ్మ ఇంటికి వెళ్లాను.

ఆవిడ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది.

"నీళ్లు కావాలక్కా. నువ్వు చట్నీకి వాడే నీళ్లు."

"దేనికి? నేరం రుజువు చేయడానికా?"

"నా తప్పు రుజువు చేయడానికి."

ఆవిడ కుండ మూత తీసింది. "మా ఇంటిదాకా కుళాయి ఏనాడూ రాలేదు, నీకు తెలియంది కాదు. గుంట తవ్వినా ప్రయోజనం లేదు. బడి దగ్గర చేతిపంపు నుంచి మోసుకొస్తాను, పదకొండేళ్ల నుంచీ."

ఊరంతటికీ దూరంగా, నీళ్లు రాని కొసన ఉన్నందుకు ఆవిడ చట్నీ శుభ్రంగా మిగిలింది.

శుక్రవారం మధ్యాహ్నం ఏడు సీసాలూ ఆరోగ్య కేంద్రం కిటికీలో, అద్దం లోపల వరసగా పెట్టి తలుపు తాళం వేశాను. సీసాల మీద అంకెలే రాశాను, పేర్లు రాయలేదు. ఏ అంకె ఎక్కడిదో రాసిన కాగితం నా పర్సులో ఉంది. రేపు పన్నెండింటికి రండి, నల్లబడినవి చెడ్డనీళ్లు, మారనివి మంచివి, మీరే చూడండి అని రెండు బజార్లలో చెప్పించాను. జనం అప్పటినుంచే రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు అద్దానికి ముక్కు ఆనించి చూశారు. సాయంత్రానికి ఎవరో మూడో నంబరు రంగు తిరుగుతోందని చెప్పుకున్నారు.

శనివారం పన్నెండింటికి కేంద్రం ముందు నిలబడటానికి చోటు లేదు. వెనగ్గా, వేపచెట్టు పక్కన, మేరమ్మ లిడియా చెయ్యి పట్టుకుని నిలబడింది. కిటికీలో నాలుగు సీసాలు బొగ్గులా ఉన్నాయి. ఒకటి, రెండు, ఏడు మాత్రం మారలేదు.

నేను గుంట పక్కన మెట్టు మీద నిలబడ్డాను.

"ముందు నా సంగతి చెబుతాను. ఐదో సీసా ఈ కేంద్రానిది, ఈ గుంటది. నల్లగా ఉంది. ఈ గుంట తవ్వించింది నేను. ఇంకో సంగతి, సోమవారం నేను మేరమ్మక్క పొయ్యి ఆపించాను. పరీక్ష లేకుండా, ఎవరో ఏదో అంటారని భయపడి ఆపించాను. అది తప్పు. నేనలా చేయబట్టి మీరు నీళ్లు కాచడం మానేశారు, ఇంకో పది మంది పడ్డారు. మూడు, నాలుగు కింది బజారు గుంటలు. ఏడో సీసా మేరమ్మక్క కుండ. చూడండి ఎలా ఉందో."

అందరూ మళ్లీ కిటికీ వైపు చూశారు. మోటారు లాగితే గుంటలో నురగ పైపులోకి ఎలా పోయిందో చెప్పాను. మూడో ఇంటావిడ, నేనూ చూశానంది. తలలు ఒకటొకటిగా జగన్నాథరావుగారి వైపు తిరిగాయి. ఆయన ముందుకొచ్చారు.

"నీళ్లు ఒక రోజువి, జబ్బు వారం నాటిది. సీసా నల్లబడితే చట్నీ మంచిదైపోతుందా సిస్టరు? పోనీ, నా మోటారు అంత పాపం చేస్తే ముందు మా ఇంట్లో పడాలిగా జబ్బు. మా ఇంట్లో ఎవరికైనా వచ్చిందా? ఆ ఆరో నంబరు ఎవరిదో చెప్పలేదేం?"

ఆయనకి నిజంగానే తెలియదని అప్పుడు అర్థమైంది. ఆయన దగ్గర కూడా దాచారు. పర్సులో కాగితం ఉంది. వేపచెట్టు దగ్గర మేరమ్మ నన్నే చూస్తోంది. రేపు ఆదివారం.

"ఆరో నంబరు చెప్పను," అన్నాను. "మీ ఇళ్లలో నేను చూసింది నా రిజిస్టరు దాటి రాదు. మీది రాదు, వాళ్లదీ రాదు. అలా ఉంటేనే రేపు మీరు నాకు తలుపు తీస్తారు."

"అంటే చూపించడానికి ఏమీ లేదన్నమాట."

జనం కదిలారు. అంతలో వెనకనుంచి కర్ర నేలకి తగిలే చప్పుడు వినిపించింది. నాగేంద్రమ్మ భుజం పట్టుకుని పిచ్చమ్మగారు నడిచొస్తున్నారు, నాలుగో తెల్లచీర కట్టుకుని. జనం దారి ఇచ్చారు. జగన్నాథరావుగారు "అమ్మా, నువ్వెందుకొచ్చావు?" అని ఎదురెళ్లారు.

"ఆరో నంబరు నా బిందె రా," అన్నారావిడ. కేకేసే ఓపిక లేదు, కానీ అందరికీ వినపడింది. "బుధవారం నుంచి నాకు విరేచనాలు. నీకు చెప్పొద్దంది నీ పెళ్లాం. నువ్వు లాగిన నీళ్లే నేను తాగింది."

ఆవిడ కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఊపిరి తీసుకున్నారు. అక్కడితో ఆగుతారనుకున్నాను.

"చట్నీ అంటున్నారుగా. ఆరేళ్లుగా నేను తినేది మేరమ్మ ఇడ్లీలే. రోజూ. ఆరేళ్లలో ఒక్కనాడు నా కడుపు నొయ్యలేదు. పాక మూయించాక పడ్డాను నేను. మూయించాక." మేరమ్మ కోసం వెతికి, వేపచెట్టు వైపు తిరిగారు. "ఏమే మేరమ్మా, ఆ చాటునెందుకు, ఇలా రా."

మేరమ్మ రాలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. లిడియానే చెయ్యి పట్టుకుని ముందుకి తెచ్చింది.

"సోమవారం పొయ్యి వెలిగించు," అన్నారు పిచ్చమ్మగారు. "నా రెండు ఇడ్లీలు నువ్వే పట్టుకురా. దొడ్డిదారిన కాదు. ముందు గుమ్మంలోంచి."

జగన్నాథరావుగారు చాలాసేపు కిటికీలో ఆరో సీసా చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఫోను తీసి ప్లంబరుని రమ్మన్నారు. మోటారు విప్పాలన్నారు. మేరమ్మతో ఒక్కమాట కూడా అనలేదు. పాక తీయమని మళ్లీ కబురు కూడా పంపలేదు. ఆయన దగ్గర్నుంచి అంతకన్నా ఎక్కువ రాదని నాకు తెలుసు.

నేను పార తెప్పించి ముందుగా మా కేంద్రం గుంటలో మట్టి పోయించాను, కుళాయిని నడుమెత్తు గొట్టానికి బిగించేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత కింది బజారు గుంటలన్నీ పూడటానికి పది రోజులు పట్టింది. అందరూ నీళ్లు ఎక్కవని భయపడ్డారు. మోటారు లేకపోయేసరికి ఎక్కాయి. కొసన ఉన్న మేరమ్మ ఇంటిదాకా కూడా వెళ్లాయి. ఆవిడ మాత్రం చట్నీకి ఇంకా చేతిపంపు నీళ్లే మోస్తుంది, అలవాటైపోయిందంటుంది. ఆ వారం తర్వాత నా రిజిస్టరులో కొత్త పేరు ఎక్కలేదు.

పిచ్చమ్మగారు చెప్పిన ఆ సోమవారం పొద్దున ఏడింటికి బీపీ మిషను పట్టుకుని మూలమీద మేడకి వెళ్లాను. నాగేంద్రమ్మ అప్పటికే వసారాలో ఉంది. మేరమ్మ స్టీలు గిన్నె పట్టుకుని ముందు గుమ్మం ముందు ఆగింది. చెప్పులు విప్పింది, మెట్టు ఎక్కలేదు. సరోజినీదేవిగారు తలుపు తీసి చూశారు. పక్కకి జరిగి దారి ఇచ్చారు. మేరమ్మ లోపలికి వెళ్లింది.

పిచ్చమ్మగారు కుర్చీలో కూర్చుని రెండు ఇడ్లీలూ తాపీగా తిన్నారు. చట్నీ కొంచెం తక్కువ తెచ్చావని మేరమ్మని కోప్పడ్డారు. రేపు ఎక్కువ తెస్తానంది మేరమ్మ. నాగేంద్రమ్మ మాత్ర అందించింది. నెల తనిఖీ ఎలాగూ బాకీ ఉందని నేను ఆవిడ సంచి అడిగి తీసుకుని అడుగుదాకా చూశాను. రిజిస్టరు, మాత్రలు, ప్యాకెట్లు తప్ప ఇంకేమీ లేవు. సంతకం పెట్టి ఇచ్చేశాను.